నిప్పు అక్షరాల్లో నీళ్ల ఫిర్యాదు

అక్కా,

నీ ఫిర్యాదు అసలు అందిందా అని బావ ఫోన్లో కేకలేశాడు. అందింది. మా నీళ్ల ఆఫీసులో దాన్ని చూడనివాళ్లు లేరు.

ఈ ఏడాదే పెట్టిన మా వెబ్ పేజీలో ఎవరేం టైపు చేసినా అక్షరాలు మండుతున్న బొమ్మగా మారిపోతాయి. ఆ ఏర్పాటు చేసింది నేనే. బావకి చెప్పకు. "మా వీధికి పదకొండు రోజులుగా చుక్క నీళ్లు లేవు" అన్న నీ వాక్యం తెర మీద భగభగమంటుంటే మా అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎంత బాగుందయ్యా! ఆ చుక్క దగ్గర కాస్త మెరుపు పెట్టు" అన్నారు. పెట్టాను.

చిక్కల్లా గుమాస్తాగారితో వచ్చింది. కంప్యూటరు వచ్చాక ఫిర్యాదులు చేత్తో రాయకూడదని, తిరిగి టైపు చేయకూడదని, ఉన్నదున్నట్టు కాపీ చేయాలని ఆయనకు ఉత్తర్వు. కాపీ చేద్దామంటే బొమ్మలోంచి అక్షరాలు రావు. "ఇది బొమ్మ తమ్ముడూ. బొమ్మకి ఫిర్యాదు నంబరు ఎలా ఇస్తాను?" అంటారు. నంబరు లేనిదే పైపు పనివాడు కదలడు.

మంటలు తీసేయనా అని నిన్న అధికారిని అడిగాను. "అందరూ మెచ్చుకుంటుంటే ఇప్పుడా?" అని కసిరారు. నీ వాక్యాన్ని రంగుల్లో అచ్చు వేయించి హాల్లో తగిలించారు. ఫ్రేము కట్టేవాడు మాత్రం పిలిచిన గంటలో వచ్చాడు.

మళ్లీ టైపు చేయకు. సోమవారం ఖాళీ బిందెతో నువ్వే రా. ఫ్రేము పక్కన నిన్ను నవ్వుతూ నిలబెట్టి ఫొటో తీయించాలని అధికారికి మహా సరదాగా ఉంది. గుమాస్తాగారు నంబరు వేసి చీటీ చేతికిచ్చేదాకా మాత్రం నవ్వకు.

నీ తమ్ముడు