పొయ్యి మీద పాలు

పెనుగొండ,
ఫాల్గుణ మాసం

అమ్మకు నమస్కారాలతో నీ పెద్దమ్మాయి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ మనవడు వినయ్ బాగానే ఉన్నాం. ఫోనులో నీకు సగమే వినపడుతుంది, ఆ సగమూ వేరేగా వినపడుతుంది కాబట్టి మనకు కాగితమే నయం. అడిగినవాటికి ముందు జవాబు. మోకాలి నొప్పి తగ్గింది. కొట్టు వినయ్ చూసుకుంటున్నాడు. ఆవకాయ జాడీలో ఇంకా సగం ఉంది.

నడక ఎలా సాగుతోంది, తోడెవరైనా దొరికారా అని అడిగావు. మంచు విడిచింది. కాలువ గట్టు మీద వేపచెట్లు చిగురేశాయి, మామిళ్ళు పిందె కట్టాయి. ఆయన ఉండగా ఈ రోజుల్లో ఇద్దరం గట్టు దాకా వెళ్ళొచ్చేవాళ్ళం. సంవత్సరీకం కూడా అయిపోయింది కదా, ఇంకా ఇంట్లో కూర్చోవడం దేనికని ఒంటరిగానే చెప్పులేసుకున్నాను.

కానీ అమ్మా, ఈ వీధి వాలకం నాకు నచ్చడం లేదు. మూలన కిరాణా కొట్టు చంద్రరావు నన్ను చూడగానే ఎత్తుతున్న షట్టరు సగంలో ఆపేస్తాడు. తుప్పు పట్టి కదలడం లేదంటాడు. నేను దాటగానే ఆ తుప్పు వదిలిపోతుంది కాబోలు. బోణీ వేళ నా మొహం అడ్డమని నాకు తెలీదా? సరే, మనమూ వ్యాపారులమే, ఆ భయం నేనెరుగుదును. ఎదురింటి రత్తమ్మగారి సంగతే మింగుడు పడలేదు. నాకంటే ఎంతో ముందే భర్త పోయిన మనిషి. వాకిలి ఊడుస్తున్నదల్లా, మా గేటు చప్పుడు వినగానే చీపురుతో సహా లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది. ఆవిడకు కూడా నేనే అపశకునమా అని ఒళ్ళు మండింది.

ఇప్పుడొక మాట చెబుతాను, కోప్పడకు. పోయిన ఉత్తరంలో రోజూ వీధిలో నడుస్తున్నానని రాశాను చూడు, అది అబద్ధం. ఆ తలుపు చప్పుడు భరించలేక డాబా మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ గానుగెద్దులా తిరిగాను.

నిన్న పొద్దున్న తెగించాను. ఆవిడ తలుపు వేసుకునేలోపే గేటు తోసుకుని వెళ్ళి, "నా మొహం చూస్తే మీకేం నష్టమండీ?" అని అడిగేశాను.

ఆవిడ చీపురు వెనక్కి దాచుకుంది. "నాకేం నష్టమమ్మా, మీకే. బయల్దేరేవాళ్ళకి నేనెదురు రాకూడదు కదండీ. మీరు ఆయనగారితో వెళ్ళే రోజుల్నుంచీ ఇంతే."

ఇన్నేళ్ళూ ఆ తలుపు మూసుకుంటూనే ఉందట. నేనొక్కనాడూ చూడలేదు. చాలా సిగ్గేసింది. ఇప్పుడు మనిద్దరం ఒకటే, మనకి మనం ఎదురైతే ఏమవుతుందో చూద్దాం రమ్మని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. గట్టు దాకా వెళ్ళొచ్చాం. వస్తూ వస్తూ చంద్రరావు కొట్లో ఆవిడ చేతే పావుకిలో బెల్లం బోణీ చేయించాను. సాయంత్రం వెళ్ళి బేరం ఎలా సాగిందని అడిగితే, బాగానే ఉందండీ అన్నాడు, నాకేసి చూడకుండా. నాకైతే నమ్మకం లేదు.

నిన్నటినుంచి ఇంకో అనుమానం పట్టుకుంది. అది నీ మీద. నాన్న పోయాక, మొగల్తూరు నుంచి నేను తిరుగు ప్రయాణమైన ప్రతిసారీ నువ్వు గుమ్మంలోకి వచ్చేదానివి కాదు. పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోతాయి, నువ్వెళ్ళు అని వంటింట్లోంచే కేకేసేదానివి. కూతురికంటే పాలు ఎక్కువయ్యాయా అని ఆటోలో కళ్ళు తుడుచుకునేదాన్ని. మధ్యాహ్నం బస్సుకి బయల్దేరినా అవే పాలు. నిజం రాయమ్మా, ఆ పొయ్యి మీద పాలుండేవా?

ఉగాదికి వస్తున్నాను. తిరిగి బయల్దేరేటప్పుడు పొయ్యి ఆర్పేసి నువ్వే నాకెదురు రావాలి. నువ్వు రాకపోతే నేను గడప దాటను.

ఇట్లు,
నీ ఎదురు కోసం చూసే పెద్దమ్మాయి
రాజరాజేశ్వరి