చుక్క ఏ వారానికి

6 జూన్ 2004, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘపెద్ద సంజీవరావు గారు లేచి, పిడికెడు బియ్యం ఇక ఆపేద్దాం అన్నారు. ఒక వారం ఉంటే ఒక వారం ఉండటం లేదట. ఆడవాళ్లలో భక్తి చల్లారిందట.

ఇంట్లో అన్నం వండిన ప్రతిసారీ ప్రభువుకని పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. ఆదివారం గుడికి తెస్తాం. దిక్కులేని ముసలివాళ్లకు ఆ పూట భోజనం దానితోనే. దానయ్య తాత ఆ అన్నం కోసం వారమంతా ఎదురుచూస్తాడు. స్త్రీల సమాజం కార్యదర్శిని నేనే కనుక నేనే లేచి చెప్పాలి. లేచి, కొంగు సర్దుకుని మళ్లీ కూర్చున్నాను. పాస్టర్ కరుణాకర్ గారు జాలిపడి, ఇరవయ్యో తేదీ కమిటీలో చూసి తేలుద్దాం, కంప్యూటర్లో చార్ట్ వేయించుకు రండమ్మా అన్నారు.

8 జూన్, మంగళవారం

అద్దంకి సెంటర్లో మా చెల్లెలి కూతురు లిడియా పనిచేసే డీటీపీ షాపుకు వెళ్లాను. ఏ వారం ఎంత బియ్యం వచ్చిందో చదివాను, తను ఎక్సెల్‌లో కొట్టింది. గీత వచ్చింది. ప్రతి వారానికీ ఒక చుక్క. చీమలబారులా ఉంది.

గీత దిగినచోటల్లా సంజీవరావు గారు వేలు పెడతారు. అవి మావాళ్లు పత్తి తీతకూ మిరప కోతకూ వినుకొండ వైపు వలస వెళ్లిన వారాలు. ఇంట్లో పొయ్యే వెలగనప్పుడు పిడికెడు ఎక్కడిది? ఆ వారాలకే చుక్క ఉంచు, మిగతావి తీసెయ్ అన్నాను. పెడితే అన్నిటికీ వస్తుంది, తీస్తే అన్నిటికీ పోతుంది పెద్దమ్మా, అదేమన్నా నీ కోడలా చెప్పినట్టు వినడానికి అంది లిడియా.

10 జూన్, గురువారం

కరెంటు లేదు.

12 జూన్, శనివారం

వచ్చింది. ఒక్క వారానికే చుక్క పెట్టే దారి లిడియాకు దొరికింది. ముందు అన్ని చుక్కలూ తీసేయాలి. తర్వాత గీత మీద ఒకసారి నొక్కితే గీతంతా సెలెక్ట్ అవుతుంది. కాస్త ఆగి, కావలసిన వారం మీద మళ్లీ నొక్కితే అదొక్కటే అవుతుంది. అప్పుడు మెనూలోకి వెళ్లి దానికి మాత్రం మార్కర్, అంటే చుక్క, ఇవ్వాలి. లిడియా చేయి దురుసు. టకటకా రెండుసార్లు కొడుతుంది, మళ్లీ చీమలబారు. నేను మధ్యలో స్తోత్రం అనుకుని నొక్కాను. కుదిరింది. నీ నిదానం ఇన్నాళ్లకు పనికొచ్చింది పెద్దమ్మా అని, మౌస్ నాకు వదిలేసి టీకి పోయింది.

13 జూన్, ఆదివారం

ఎర్రటి గుండ్రటి చుక్కలు పెట్టిన ప్రింటు సమాజంలో చూపించాను. ఇదేంటి పున్నమ్మా, గీతకు బొట్లు పెట్టావు అంది ఎస్తేరమ్మ వదిన. అప్పటినుంచి నాకూ బొట్లే కనిపిస్తున్నాయి. సంజీవరావు గారు నుదుట స్టిక్కరు మరక ఉందని చుట్టపుచూపుగా వచ్చిన పిల్లను గుడి గుమ్మంలోనే ఆపిన మనిషి.

15 జూన్, మంగళవారం

ఇంటూ గుర్తు పెట్టాను. మేం ఎండలో కాయలు కోసింది తప్పా, మాస్టారిలా కొట్టేశావు అని వలస వెళ్లొచ్చినవాళ్లు తగువు. తీసి ప్లస్ పెట్టాను. అది సిలువ అయింది. మా వారాలకు సిలువ ఎందుకు లేదని ఊళ్లో ఉన్నవాళ్లు తగువు.

16 జూన్, బుధవారం

ఎర్ర త్రికోణం చూసి వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆస్పత్రి గోడ మీది కుటుంబ నియంత్రణ గుర్తును తలకిందులు చేస్తే ఇదేనట. ఇక్కడ రాయడానికే సిగ్గుగా ఉంది. డైమండ్ పెడితే పేకముక్క అన్నారు.

18 జూన్, శుక్రవారం

నల్ల చదరం. ఇందులో ఎవరికీ ఏమీ కనిపించలేదు. దేవునికి స్తోత్రం.

20 జూన్, ఆదివారం

కమిటీలో నేను మాట్లాడుతుంటే గట్టిగా, గట్టిగా అన్నారు. ఇంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నా మాట అందరికీ వినపడింది. చదరం ఉన్న వారాల్లో సగం ఇళ్లకు తాళాలండి, చదరం లేనిచోట గీత దిగిందేమో చూడండి అన్నాను.

సంజీవరావు గారు కళ్లజోడు పెట్టుకుని గీత పొడవునా వేలు జరిపారు. మే నెలలో ఆగారు. ఇదిగో పడింది, చదరం లేదు, ఇది ఏ ప్రాంతం కూలి అమ్మా అన్నారు.

అది కూలి కాదండి, మీ పెద్దబ్బాయి పెళ్లి వారం అన్నాను. ఎవరింట్లోనూ పొయ్యి వెలగడానికి వీల్లేదని మీరే ఆజ్ఞ వేశారండి, మూడు పూటలా మీ పందిట్లోనే తిన్నామండి.

పాస్టర్ గారు ముందు నవ్వారు. సంజీవరావు గారు కళ్లజోడు తీసి తుడిచి, తుడిచి, మరి దానికి గుర్తెందుకు పెట్టలేదమ్మా, వెళ్లి పెట్టించుకురా అన్నారు. బియ్యం సంగతో అని నేనంటే, ఎవరు ఆపమన్నారు అన్నారు.

27 జూన్, ఆదివారం

చార్ట్‌కు అద్దం కట్టించి గుళ్లో వేలాడదీశారు. సంజీవరావు గారు మధ్యలో లిడియా దగ్గరికి వెళ్లి తన చదరం కాస్త పెద్దది చేయించుకున్నారట. దూరం నుంచి చూస్తే గీత కనిపించడం లేదు.