కరెంటు తీసినా నిలిచింది

నంద్యాల, మంగళవారం రాత్రి

సాయంత్రం కాలేజీ ల్యాబులో, రెండు అయస్కాంత పొరల మధ్య పేర్చిన అణువులు కరెంటు తీసేసినా తమ స్థితిని మరచిపోలేదు. మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తే, ఆపినప్పటి విద్యుత్ నిరోధమే కనిపించింది. కరెంటు లేకున్నా గుర్తుంచుకునే మెమరీ, ఏళ్లుగా ఎదురుచూసింది దీనికోసమే. చప్పట్లు కొట్టబోయి ఆగాను. గదిలో ఇంకెవరూ లేరు.

ఆళ్లగడ్డకు, సుధాకర్‌కి ఫోన్ చేశాను. ఈ పని నాతోపాటు మొదలుపెట్టి, మధ్యలో మానేసి విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు.

"ఇంగా అదే చేస్తాండావా?" అన్నాడు. తర్వాత, "వేడి చేసి చూసినావా? అప్పుడు గూడా నిలిస్తే నమ్ము" అన్నాడు.

దుకాణంలో ఎవరో రైతు పిలిచినట్టున్నాడు, ఫోన్ పెట్టేశాడు.

వేడి చేసి చూడలేదు. రేపు చూడాలి. అట్లా అడిగే మనిషి నాకు ఈ ఊళ్లో ఒక్కరూ లేరు.