కంటి మాటలు

పూజ్యురాలైన అమ్మ పాదాలకు, పట్టా ఉండీ ఉద్యోగం లేని నీ సుపుత్రుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, అమ్మమ్మ, వంటింటి కుళాయి. కుళాయి ఇంకా కారుతూనే ఉంది కాబట్టి దాని ఆరోగ్యానికి ఢోకా లేదు.

నువ్వు అడిగిన వాటికి జవాబులు. వేళకి తింటున్నాను. జుట్టు కత్తిరించుకోలేదు. ఇంగ్లీషు ఇంటర్వ్యూకి చదువుతున్నాను. పోయినసారి "మీ ఇంటిని వర్ణించండి" అంటే ఇల్లు గుడ్, గది గుడ్, అమ్మమ్మ వెరీ గుడ్ అని వచ్చిన ఘనుణ్ణి కనుక, ఈసారి వర్ణన పదాల పుస్తకం కొన్నాను. ఒక్కో మాటకీ సొంతంగా ఉదాహరణ వాక్యం తయారుచేసి పైకి చదవాలట. అమ్మమ్మ కళ్ల సంగతి కూడా అడిగావు. దానికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

నేను పైకి చదువుతుంటే మంచం మీది అమ్మమ్మ పరీక్షాధికారిణి అయిపోయింది. "రఫ్" అన్నాను. నా గడ్డం తడిమి, "ఇదీ రఫ్. తర్వాత?" అంది. "స్మూత్" అంటే గరిటె వెనకవైపు. "డ్యాంప్" అంటే నేను ఆరెయ్యకుండా కుర్చీ మీద పడేసిన తువ్వాలు. చేత్తో తేలని మాట వస్తే మాత్రం, "కంటి మాటలు పక్కన పెట్టరా" అనేది.

పక్కన పెడుతూ పోతే చివరికి అవే మిగిలాయి. గ్లాసీ, గ్లిటరింగ్, షిమ్మరింగ్, గ్లిసెనింగ్.

"అన్నీ మెరవడమే అమ్మమ్మా, ఏదో ఒకటి వాడేస్తే సరి" అన్నాను, పట్టభద్రుడి హోదాలో.

"ఎలా సరిరా? నిగనిగ వేరు, తళతళ వేరు, మిలమిల వేరు. వంకాయని పట్టుకుని మిలమిల అంటావా?"

"మరి తేడా చెప్పు, రాసుకుంటాను."

నోరు తెరిచి, ఆగిపోయింది. అమ్మమ్మ మాట కోసం తడుముకోవడం నేను పుట్టాక అదే చూడటం. చివరికి, "నోటికి గుర్తున్నాయిరా, కంటికే గుర్తులేవు" అంది. తర్వాత మెల్లిగా, "ఆ కళ్ల డాక్టరమ్మ ఇంకా ఉందా?"

అమ్మా, కూర్చుని చదువు. నువ్వు ఏళ్ల తరబడి బతిమాలినా, అలిగినా వద్దన్న ఆపరేషన్‌కి అమ్మమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడమేంటి, అయిపోయింది. నీకు చెప్పొద్దని ఆవిడే నా చేత ఒట్టు వేయించుకుంది. "బాగైతే చెబుదువుగాని. బాగవకపోతే కొత్తగా చెప్పేదేముంది, ఇప్పుడు మాత్రం నీడలు తప్ప ఏం కనిపిస్తున్నాయి" అని. శుక్లం బాగా ముదిరిపోయింది, చూపు వస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ అన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగలేదు. పైన వేళకి తింటున్నానని రాసింది కొట్టేసుకుని చదువు.

నిన్న కట్టు విప్పారు. డాక్టరమ్మ వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంటే అమ్మమ్మ పట్టించుకోలేదు. పక్కనున్న స్టీలు గ్లాసు వైపు తిరిగి, "గ్లిటరింగ్" అంది. నర్సు బూట్ల నిగనిగ చూసి, "గ్లాసీ". కిటికీ బయట చెట్టు మీద గాలి వీచి, ఎండలో ఆకులన్నీ ఒక్కసారి కదిలాయి.

"షిమ్మరింగ్. ఒరేయ్, ఇదేరా మిలమిల."

ఆ ఆకులు నాకూ కనిపిస్తూనే ఉన్నాయి కదా. ఒట్టు, అవి అలా మెరుస్తాయని నాకు అప్పుడే తెలిసింది. లోకాన్ని అప్పుడే కడిగి, తుడవకుండా అక్కడ పెట్టినట్టుంది.

అప్పుడు నా వైపు తిరిగింది. గడ్డం పట్టుకుని, నిదానంగా చూసి, "గ్లిసెనింగ్" అంది. తడిసి మెరవడమని పుస్తకంలో దాని అర్థం. ఆసుపత్రి మందుల ఘాటుకి కళ్లలో నీళ్లొచ్చాయని సవినయంగా మనవి చేసుకున్నాను. "ఏదైతేనేం, ఉదాహరణ బాగుంది" అంది.

ఇంటికొచ్చాక నీ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. "అమ్మకి ఏ మాట?" అన్నాను. నీకో మాట అనుకుందట, నాకు చెప్పదట. "ఫొటో మీద మాట ఖర్చు పెట్టను. మనిషిని రమ్మను" అంది.

సెలవు అడుగు అమ్మా. పొద్దున్నుంచీ కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

ఇట్లు,
చేత్తోనే కాదు, కంటితో చూసినా రఫ్‌గానే ఉన్నాడని అమ్మమ్మ తేల్చిన
నీ కొడుకు