పందెంలో లేని పరదేశికి

చోడవరం,
10-11-1974, ఆదివారం.

మిత్రుడు పరదేశికి,

వేంకటరమణమూర్తి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, లక్ష్మీసుందరి, పిల్లలిద్దరూ బాగానే ఉన్నాం. కె.కోటపాడులో నువ్వు, మీ ఆవిడ చిన్నమ్మి, మీ అమ్మ అచ్చియ్యమ్మ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఐదేళ్లుగా మన మధ్య ఉత్తరం ముక్క లేదు కనుక నమ్మడం తప్ప నాకు వేరే దారి లేదు. కవరు మీద నా పేరు చూడగానే పక్కన పడేస్తావేమో. కాని ఆ ఊళ్లో టపా బట్వాడా చేసేవాడివి నువ్వే కాబట్టి, ఉత్తరం అందలేదని మాత్రం అనలేవు.

ముందు పని మాట. మన టౌను క్లబ్బు వాళ్లు జిల్లా ఛాంపియన్‌షిప్ పందెం మళ్లీ పెడుతున్నారు. అరవై తొమ్మిదిలో జరిగినదే. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒక్కడే మధ్యలో ఆగకుండా చెయ్యాలి. దేవరాపల్లి దగ్గర ఏట్లో ఈత, అక్కణ్ణించి చోడవరం దాకా సైకిలు, చోడవరం నుంచి బుచ్చయ్యపేట రోడ్డు మీద నాలుగో మైలురాయి చుట్టి మళ్లీ హైస్కూలు మైదానానికి పరుగు. డిసెంబరు 15, ఆదివారం. గెలిచినవాడికి విశాఖపట్నంలో కంపెనీ వాళ్లు ఈసారి కూడా తమ క్రీడల జట్టులో పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఉద్యోగానికి వయసు ముప్ఫై దాటకూడదు. వచ్చే ఏప్రిల్‌తో నీకు ముప్ఫై దాటిపోతాయి. అంటే నీకు ఇదే మొదటి పందెం, ఇదే ఆఖరుది కూడా.

జీతం కోసం సైకిలు తొక్కేవాడు అనర్హుడు అన్న రూలు ఈసారి లేదు. ఈ ఏడు నన్ను కమిటీలో వేశారు. ఆ రూలు తీయించడానికి మూడు మీటింగులు పట్టింది. సెక్రటరీ ప్లీడరు లక్ష్మీనరసింహంగారు, అలాగైతే రిక్షావాళ్లూ పాలవాళ్లూ అంతా వచ్చేస్తారు కదయ్యా అన్నారు. రానివ్వండి, వాళ్లవి కాళ్లు కావా అన్నాను. ఈ నోరు అరవై తొమ్మిదిలో ఏమైందని నువ్వు అనుకోవచ్చు. అనుకో.

ఆనాటి పందెం ఎలా జరిగిందో నీకు ఎవరెవరో చెప్పే ఉంటారు. వాళ్లంతా రోడ్డు పక్కన నిలబడి చూసినవాళ్లు. లోపలి సంగతి నీకు పనికొస్తుందని నేను చెబుతున్నాను. ఎక్కడా పెంచి రాయడం లేదు.

పొద్దున ఆరింటికి ఏటి ఒడ్డున పదకొండు మందిమి బనీన్లతో నిలబడ్డాం. ప్లీడరుగారు పేర్లు పిలుస్తూ నీ దగ్గరికి వచ్చి ఆగారు. జేబులోంచి ఒక ఉత్తరం తీశారు. ఎవరో ఆకాశరామన్న రాశాడు. పరదేశి అనేవాడు జీతానికి సైకిలు మీద టపా మోస్తాడు, అలాంటివాణ్ణి పోటీకి రానిస్తే మీ క్లబ్బు రూలు ఎందుకు అని అందులో ఉంది. నిజమేనా అని నిన్ను అడిగారు. నిజమేనండి, టపా పని సేత్తన్నాను, కానీ పర్మనెంటు కాదండి, డిపార్టుమెంటు మనిసిని కాదండి, ఇ.డి. పోస్ట్‌మన్నండి అన్నావు. పర్మనెంటు కాకపోతే ఏం, జీతం జీతమే అన్నారాయన. పోస్టాఫీసు లెక్కలో నువ్వు ఉద్యోగివి కావు, పందెం లెక్కలో మాత్రం అయ్యావు. ఇలాంటివి మా తాలూకాఫీసు ఫైళ్లలో రోజూ చూస్తుంటాను, అయినా ఆ పూట ఒక్క మాట అనలేదు. బనీను కిందికి లాక్కుంటూ నిలబడ్డాను. నువ్వు చొక్కా తొడుక్కుని నా దగ్గరికి వచ్చి, నీళ్లు శానా సల్లగున్నాయి మూర్తి బాబూ, మొదట్లోనే సేతులు గబగబా కొట్టీకు అని చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయావు.

ఆ సలహా బాగానే పనికొచ్చింది. పది మందిమి ఒక్కసారి దిగడంతో ఎవరి కాలు ఎవరి మొహానికి తగులుతోందో తెలియలేదు. కరెంటాఫీసు గణపతిరావు మడమ నా పెదవికి తగిలి నోరంతా రక్తమైంది. ఆవలి ఒడ్డున పాతిన వెదురు ముట్టుకుని తిరిగి రావాలి. నేను నెమ్మదిగానే వెళ్లాను. ముందు ఉరికినవాళ్లు ముగ్గురు నడుమ ఏట్లో వెల్లకిలా తేలుతూ కనిపించారు. వాళ్లను పడవ మీద ఎక్కించారు. ఒడ్డెక్కేసరికి నేను అయిదోవాణ్ణి.

తడి నిక్కరుతో సైకిలు సీటు మీద కూచుంటే రెండు మైళ్లకే తొడలు ఒరుసుకుపోయాయి. నువ్వు పొడి పంచె ఒకటి దగ్గర పెట్టుకో. ఫ్యాక్టరీలో క్రషింగు మొదలైన రోజులు కదా, దారి పొడుగునా చెరకు బళ్లు. బెల్లు కొడితే ఎద్దులు వింటాయా, బండివాళ్లు వింటారా. ఒక ముసలాయన బండి తియ్యకుండానే, ఏటి బాబూ, ఊళ్లో ఏదైనా అంటుకున్నాదేటి అని అడిగాడు. ఛాంపియన్‌షిప్ అన్నాను. అది ఏ ఊరు బాబూ అన్నాడు. నేను రోడ్డు దిగి, బురదలో సైకిలు భుజాన వేసుకుని, పదహారు బళ్లు దాటి మళ్లీ ఎక్కాను. బళ్లు ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. ఒళ్లు హూనమవుతున్నప్పుడు బుర్ర ఏదో ఒక గుమాస్తా పని పెట్టుకుంటుంది. చోడవరం చేరేసరికి ఇద్దరే నా ముందున్నారు.

సైకిలు దిగాక పరుగు మొదలుపెడితే మొదటి మైలు కాళ్లు మనవి కావు. ఇంకా పెడళ్ల మీదే ఉన్నట్టు గుండ్రంగా తిరుగుతాయి. భయపడకు, అదే సర్దుకుంటుంది. నాలుగో మైలురాయి దగ్గర క్లబ్బు కుర్రాడొకడు రబ్బరు స్టాంపు పట్టుకుని నిలబడ్డాడు. నిజంగా అక్కడిదాకా వచ్చి తిరిగామనడానికి ముంజేతి మీద ముద్ర వేస్తారు. నా చేతిమీది ముద్ర చెమటకు చెరిగి నల్లటి మరకగా మిగిలింది. తరవాత దాని మీద కొంత చర్చ కూడా జరిగింది. అప్పటికి మొదట ఉన్న అనకాపల్లి కానిస్టేబులు పిక్క పట్టేసి గట్టు మీద కూలబడి ఉన్నాడు. గణపతిరావు మాత్రం మైలు దూరంలో మైదానం ఉందనగా వాంతి చేసుకుంటూ వంగిపోయాడు. నేను ఆగి వీపు మీద చెయ్యి వేశాను. ఒగ్గీండి, నాకేటీ కాలేదు, మీరెల్లండి అన్నాడు. వెళ్లాను.

ఫైళ్లు కట్టే ఎర్ర టేపునే అటూ ఇటూ పట్టుకుని గీతలా చేశారు. రోజూ ఆఫీసులో ముడులు వేసే టేపును ఆ రోజు రొమ్ముతో తెంపాను. డప్పులు వాయించారు, దండ వేశారు, జర్మన్ సిల్వరు కప్పు చేతిలో పెట్టారు. గెలిచినప్పుడు ఏమనిపించిందని చాలామంది అడిగారు. దాహం వేసింది. జనంలో నీ కోసం చూశాను, నువ్వు లేవు. రావని తెలిసే చూశాను. ఇంటికొచ్చాక లక్ష్మీసుందరి కప్పును అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏం పోసుకోవాలండీ అంది. బియ్యం కొలవడానికి బాగుంటుందన్నాను. ఇప్పటికీ ఆ పనికే వాడుతోంది.

ఆకాశరామన్న ఎవరన్న దానిమీద ఊరు రెండో రోజుకే తీర్పు చెప్పేసింది. గణపతిరావే అన్నారు. నువ్వు లేకపోతే గెలిచేది తనే అనుకుని రాసి ఉంటాడని వాళ్ల ఊహ. కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లినవాళ్లు కూడా, ఏం రామన్నగారూ అని పిలిచేవారు. అతను క్లబ్బు మానేశాడు, తరవాత సైకిలు కూడా అమ్మేశాడు.

నెల తరవాత కంపెనీ నుంచి నాకు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. తెచ్చింది నువ్వే. అంతకు ముందు మా ఇంటికి వస్తే గడపలో కూచుని మంచినీళ్లు తాగి, బాబూ, నువ్వు అంటూ మాట్లాడేవాడివి. ఆ రోజు వీధిలోనే నిలబడి, ఇక్కడ సంతకం ఎట్టండి సార్ అన్నావు. నేను అక్కడే చింపి చదివాను. ఉద్యోగానికి రమ్మని ఉంది. ఏదో గొప్పకు, నేను వెళ్లడం లేదు పరదేశీ, తాలూకాఫీసులో పర్మనెంటు ఉద్యోగం వదులుకుని ఆటలకు వెళతానా అన్నాను. నువ్వు రసీదు మడిచి సంచిలో పెట్టుకుని, అయితే మరెందుకండి అని అడిగావు. జవాబు కోసం ఆగకుండా పక్కింటికి వెళ్లిపోయావు. ఆ ఉద్యోగం ఎవరికీ పోలేదు, కంపెనీ వాళ్లు ఆ ఏడుకి ఖాళీగా వదిలేశారు. ఉగాదిలోపల నువ్వు ఈ ఊళ్లో పని మానుకుని కోటపాడు వెళ్లిపోయావు. నువ్వు లేకుండా నేను పందెంలోకి దిగాననీ, అందుకే అలిగావనీ అడిగినవాళ్లకు చెబుతూ వచ్చాను.

నువ్వు లేక ఈ ఊరు నాకు వెలితిగానే ఉంది, పరదేశీ. పొద్దున్నే లేచి బుచ్చయ్యపేట రోడ్డు మీదికి పరుగుకి వెళితే పక్కన అడుగుల చప్పుడు ఉండదు. ఈ మాట ఇంతకాలం ఎవరితోనూ అనలేదు. దరఖాస్తు ఫారం ఇందులో పెట్టాను. ఈ నెల ఇరవై అయిదు లోపల ప్లీడరుగారికి చేరాలి. నీ కోపం నామీద ఉండనీ, పందెం మీద వద్దు. నువ్వు తప్పకుండా రావాలి.

చిన్నమ్మికి నా ఆశీస్సులు, మీ అమ్మకు నమస్కారాలు.

నీ శ్రేయస్సు కోరే,
చా. వేంకటరమణమూర్తి

తా.క.: ఆదివారం సంతకం చేసి కవరు అంటించబోయి ఆగిపోయాను. ఇవాళ శుక్రవారం. పైన ఒకచోట, ఎవరో ఆకాశరామన్న రాశాడు అన్నాను. ఆ వాక్యం కొట్టివెయ్యడం లేదు. ఐదేళ్లుగా నేను ఎంత నున్నగా మాట్లాడుతున్నానో నువ్వు చూడాలి. ఆ ఉత్తరం రాసింది నేను. ఎడమచేత్తో రాసి, పనిగట్టుకుని అనకాపల్లి వెళ్లి అక్కడ డబ్బాలో వేశాను. గణపతిరావుకు ఆ పేరు పెట్టినప్పుడు నేను కాదనలేదు. రెండుసార్లు నవ్వాను కూడా.

నీకు ఇది కొత్త కాదని నాకు తెలుసు. పందానికి ముందు గురువారం నేను ప్లీడరుగారి వరండాలో కూచుని ఉండగానే నువ్వు టపా తెచ్చావు. మిగతావి బల్ల మీద పెట్టి, ఆ ఒక్క కవరు చేతిలోనే ఉంచుకుని చూశావు. ఆరేళ్లు నా ఉత్తరాలు మోసినవాడివి, చెయ్యి మార్చినంత మాత్రాన నీకు తెలియకుండా పోతుందా. నావైపు ఒకసారి చూసి, ఇదొకటున్నాదండి అని ఆయన చేతికిచ్చావు. ఆదివారం ఏటి ఒడ్డున ఆయన దాన్ని పైకి తీసినప్పుడు నువ్వు ఉత్తరాన్ని చూడలేదు, నన్ను చూశావు. ఇది మూర్తి దస్తూరీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నీళ్లు చల్లగా ఉన్నాయన్నావు.

మరెందుకండి అని అడిగావు కదా. ఉద్యోగం కోసం కాదు, కప్పు కోసం కాదు. ఆ ఏడు నవంబరంతా నువ్వూ నేనూ కలిసి పరుగు ప్రాక్టీసు చేశాం. రోజూ నువ్వు నాకంటే ఇరవై గజాలు ముందుండేవాడివి. ఇరవై గజాలే కదా, ఇవాళ కాకపోతే రేపు అందుకుంటానని నేను లోపల మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు కడుపులో నొప్పి వచ్చి వెనకబడ్డాను. నాలుగో మైలురాయి మలుపు తిరిగేసరికి నువ్వు రాయి మీద కూచుని చెరకు నములుతున్నావు. ముందు కుప్పగా పిప్పి పడి ఉంది. గడ ఒకటి మొత్తం అయిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. నన్ను చూడగానే గబుక్కున లేచి, మూతి తుడుచుకుని, మళ్లీ సరిగ్గా ఇరవై గజాల ముందు పరుగు మొదలుపెట్టావు. రోజూ నువ్వు నా కోసం కాళ్లు బిగపట్టుకుని పరిగెడుతున్నావని అప్పుడు అర్థమైంది. నువ్వు నన్ను ఓడించి ఉంటే ఊరుకునేవాణ్ణి. జాలిపడ్డావు. అది ఓర్చుకోలేకపోయాను. ఆ రాత్రే రాశాను.

నిన్న ఇదంతా కాగితం మీద పెట్టి, కుడిచేత్తో సంతకం చేసి ప్లీడరుగారికి ఇచ్చాను. కమిటీలోంచి తప్పుకున్నాను. గణపతిరావు ఇంటికి వెళ్లి చెప్పాను. అతను తలుపు వేసుకున్నాడు, అది న్యాయమే. క్లబ్బు బోర్డు మీద నా పేరు చెరిపెయ్యమన్నాను. మంగళవారం పెయింటరు వస్తాడట.

పందానికి మాత్రం నేనూ పేరిచ్చాను. నాకు ముప్ఫై నాలుగు, ఉద్యోగానికి నన్ను లెక్కలోకి తీసుకోరు, నీకు అడ్డం రాను. నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. వస్తే నా కోసం ఆగకు, వెనక్కి చూడకు, నీకు చేతనైనంత పరిగెత్తు. నీకూ నాకూ మధ్య అసలు దూరం ఎంతో నాకు ఇంతవరకు తెలియదు.