వాలు దగ్గర దిగే మనిషి

జూన్ 9
బోథ్ దాటాక నరేందర్ మామిడితోట. ఆయన దుబాయ్ నుంచి వచ్చాక కొన్న చిన్న బ్యాటరీ ట్రాక్టర్. "బ్రేకు జర టైట్ చెయ్యి" అని ఫోన్ చేస్తే పనిముట్లు తీసుకుని వెళ్లాను. చూస్తే సీటు మీద ఇసుక సంచి కట్టి ఉంది! సీటు మీద బరువు లేకపోతే మోటారు ఆగిపోవాలి. దానికే కింద స్విచ్ పెట్టారు. సంచి ఉంటే అది ఆగదు.

నడిపేది గంగారాం. మొన్నటిదాకా ఎడ్లబండి తోలినవాడు. వాలు రాగానే చేతి రేసు సన్నగా పెట్టి, దిగి బండి ముందు నడుస్తాడట.
"వాలుల ఎడ్లకు బరువు గాదా? దిగి ముంగట నడ్వాలె. నేను దిగంగనే గిది బందైతుంది, గందుకే సంచి."
"ఇది ఎద్దు కాదన్నా."
"ఎద్దు కాదు గన్కనే చెప్పినట్టు ఇంటుంది" అని నవ్వాడు.

వాలు కింద షెడ్డు. మామిడి పెట్టెలు దింపడానికి ఆడవాళ్లు బండి ముందే నడిచిపోతారు. వాళ్లలో నా భార్య రాజవ్వ, పక్కింటి లస్మక్క.

జూన్ 10
వెనక చక్రాలు జాకీ మీద ఎత్తాను. బ్రేకు పెడల్ నొక్కి పట్టి తిప్పితే చక్రం కదలకూడదు — తిరుగుతోంది. రాడ్ నట్టు బిగించాను, ఇంకా బిగించాను... రాడ్ మీద మరలు అయిపోయాయి. విప్పి చూస్తే లోపల బ్రేకు పట్టీ అరిగి ఇనుము తేలింది. కొత్తది కరీంనగర్ నుంచి రావాలి. అక్కడి షాపుకు ఫోన్ చేసి చెప్పాను.

నరేందర్: "కాయ చెట్టు మీదనే మాగుతున్నది. స్విచ్ మంచిగున్నది గదా, సంచి తీసేస్తే అయిపాయె."
స్విచ్ మోటారును ఆపుతుంది, చక్రాన్ని ఆపదు — అన్నాను. ఒక్కసారే. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

చక్రాలు దించి, షెడ్డు దగ్గర కొంచెం వాలున్న చోట సంచి తీసేసి, సీటు మీద కూర్చుని నడిపి చూశాను. సీటు మీద నుంచి లేచాను. మోటారు ఆగింది. బండి ఆగలేదు. జారుకుంటూ పోయి పెట్టెలకు తగిలింది. చప్పుడే లేదు. డీజిల్ బండి అయితే వెనక నుంచి వస్తోందని తెలుస్తుంది.

సంచి ఉంటే మోటారు పట్టి పట్టి దింపుతుంది, కానీ గంగారాం కాలు జారితే అతని మీదికే వస్తుంది. సంచి తీస్తే, అతను దిగగానే బండి వదిలేసినట్టు పోతుంది... ముందు ఆడవాళ్లు.

జూన్ 11
రాజవ్వతో రెండు రోజులు పోవద్దన్నాను. ఎందుకో చెప్పాను.
"నన్నొక్కదాన్ని ఆపితే అయితదా? లస్మక్క మనిషి గాదా?"


జూన్ 12
వాన. వాలంతా నల్లమట్టి.

అన్నం తింటూ కుడికాలితో నేలను నొక్కుతున్నాను. రాజవ్వ చూసింది.

జూన్ 13
మళ్లీ జాకీ మీదికి ఎత్తి చక్రాలు విప్పి పక్కన పెట్టాను. పట్టీ వచ్చేదాకా ఇంతే అన్నాను. ఇంత గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు.
నరేందర్: "నీతోని గాకుంటే చెప్పు, ఇంకొకన్ని పిలుస్త."

గంగారాంకు చక్రం కింద రాయి ఎలా పెట్టాలో చూపించాను. "నేను ఎన్నడన్న పడ్డనా?" అన్నాడు. కోపం వచ్చినట్టుంది.

జూన్ 14
పట్టీ రాలేదు. బస్సులో వేశామంటారు కరీంనగర్ వాళ్లు.

ఉట్నూర్ నుంచి ఒకతను వచ్చి చక్రాలు ఎక్కించి వెళ్లాడట. బ్రేకు సంగతి అతను అడగలేదు, వీళ్లు చెప్పలేదు. సంచి మళ్లీ కట్టారు. రాజవ్వ వచ్చి చెప్పింది. రేపు లోడు.

ఈరోజు రిపేరు పనుల లెక్క రాయలేదు.

జూన్ 15, పొద్దున
మబ్బుగానే ఉంది. బస్టాండుకు వెళ్లి వచ్చాను — లేదు.

నేనూ తోటకు పోతున్నాను. వాలు దగ్గర గంగారాం దిగితే దిగనీ, సంచి తీసి సీట్లో నేను కూర్చుంటాను. బ్రేకు లేకపోయినా మనిషి ఉంటే బండిని గట్టుకైనా తిప్పొచ్చు. సంచి తిప్పదు.

రాజవ్వ తలకు తువ్వాల చుట్టుకుంటోంది. "నువ్వెందుకు వస్తున్నవ్? పెట్టెలు మోస్తవా?" అని నవ్వుతోంది. పక్కింటి లస్మక్క వాకిట్లో నుంచి — "తోలుకరా పిల్లా, ముసలోనికి తలా ఒక పెట్టె ఎత్తుదం."

చెప్పులు వేసుకున్నాను. గట్టు వాలుకు ఏ వైపు ఉంది... ఇన్నిసార్లు నడిచిన దారి. కుడివైపా, ఎడమవైపా — గుర్తు రావడం లేదు.