సున్నా దగ్గర చేతులెత్తేసే చిప్పు

మా ఇంజనీరు మనవడు ఏంగస్‌కి,

నేను తిడుతుంటే ఫోను పెట్టేశావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చెయ్యలేవుగా, చదువు.

పక్కింటి వెర్న్ ద్రాక్షతోటలో చిగుళ్లకి మంచు పట్టకుండా గాలి తిప్పడానికి నువ్వు బిగించిన మంచు ఫ్యాను నిన్న తెల్లవారుజామున తిరగలేదు. చలి సున్నాకి రెండు డిగ్రీలు కిందికి దిగగానే దాన్ని నడిపే ప్రోగ్రామబుల్ చిప్పు మొరాయించింది. తోటలో చిగుళ్లు చలికి నల్లగా మాడిపోయాయి. వెర్న్ కంచె దగ్గరికొచ్చి, "టీచరమ్మా, మీవాడి ఫ్యానుకీ చలేసినట్టుంది. దుప్పటి కప్పమంటారా?" అన్నాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

చిప్పు నంబరు చివర సి అక్షరం ఎందుకుందంటే ఏమన్నావు? "సి అంటే కమర్షియల్, నానమ్మా. మనది ఫ్యాన్ల వ్యాపారమేగా! పైగా చవక." ఓరి తెలివైనవాడా, కమర్షియల్ అంటే ఆఫీసు గదుల్లో వాడేది. సున్నా దగ్గర దాని పూచీ అయిపోతుంది. మన ఫ్యానుకి పని మొదలయ్యేదే అక్కడ! ఆరుబయట గడ్డకట్టే చలికి తట్టుకునే ఇండస్ట్రియల్ రకం ఉంది. చవకే కావాలంటే అందులో చిన్నది కొను. ఒక్క ఫ్యాను తిప్పడానికి అంత పెద్ద చిప్పెందుకు?

తోటలన్నిటిలో ఫ్యాన్లకి పెట్టిన చిప్పులు వెంటనే మార్చు. ముందు కొత్తదాన్ని నీ ఫ్రీజర్‌లో పెట్టి నడిపి చూడు, బీరు బయట పెడితే కొంప మునగదు. వెర్న్‌కి నువ్వే వచ్చి క్షమాపణ చెప్పాలి. వచ్చేటప్పుడు దుప్పటి తీసుకురా, పాపం అడిగాడు.

నీ నానమ్మ